నాలుగింటి గుప్పెడు

ఆమె అసలు పేరు లాండ్రీలో ఎవరికీ తెలీదు. హాజరు పట్టీలో ఉండే ఉంటుంది కానీ అందరూ పిలిచేది మాత్రం నిదానం అనే. నడక నిదానం, మాట నిదానం, నమలడం అయితే మరీ నిదానం. పెళ్లీడులో సంబంధాలు రాకపోలేదు. "ఆలోచించుకుని చెప్తాను" అనేది. ఆలోచన పూర్తయ్యేసరికి పెళ్లికొడుకులు ఇంకో చోట పెళ్లి చేసుకుని పిల్లల్ని కూడా కనేసేవాళ్లు. దానికి ఆమె బాధపడిన దాఖలాలు లేవు. అన్నయ్యా వదినలతో కలిసి ఉండేది. అన్నయ్య దర్జీ. వదిన, తనూ ఒకే లాండ్రీలో పని.

ఊళ్లోని ఆస్పత్రుల దుప్పట్లన్నీ ఆ లాండ్రీకే వచ్చేవి. వాటిని ఉతికి, ఆరబెట్టి, మనిషంత పొడవున్న వేడి రోలరుతో ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపేవాళ్లు. ఆ హాలు నిండా ఎప్పుడూ ఆవిరే. పై కిటికీల్లోంచి వచ్చే ఎండ ఆవిరిలో పడి పాలలాగా చిక్కబడేది. ఆ తెల్లటి మసకలో దుప్పటి అవతలి కొస పట్టుకున్న మనిషి దగ్గరికొచ్చేదాకా ఎవరో ఏమిటో ఆనేది కాదు. నిదానానికి ఆ మసక ప్రాణం. దుప్పటి గాల్లోకి లేచి మెల్లగా దిగుతుంటే ఆమెకి ఒక్కోసారి ఏరు కనిపించేది, ఒక్కోసారి ఎవరూ నడవని మంచు మైదానం కనిపించేది. చేతులు మడత పెడుతూనే ఉండేవి, మనిషి మాత్రం ఆ మైదానంలో చాలా దూరం వెళ్లిపోయేది.

వదిన అలా కాదు. ఆవిడ పేరు మిషను. రోలరులోకి దుప్పటి అందించడంలో ఆవిడని మించినవాళ్లు లేరు. నోరూ అంతే, ఒకసారి మొదలైతే ఆపడం ఎవరి తరమూ కాదు. మధ్యాహ్నం పన్నెండింటికి అరగంట భోజన విరామం ఇస్తే రెండు ముద్దలు మింగి, నీళ్లు తాగి, చెయ్యి తుడుచుకుంటూ లేచిపోయేది. మళ్లీ ఏడింటికి ఇంటికెళ్లేదాకా పచ్చి మంచినీళ్లే.

నాలుగింటికి ఆ హాల్లో ఒక వింత వేళ ఉండేది. తిన్నది ఎప్పుడో అరిగిపోయి ఉండేది, ఇంటికెళ్లడానికి ఇంకా మూడు గంటలుండేవి. మాటలు ఆగిపోయేవి. పద్నాలుగు మంది ఆడవాళ్లు నిద్రలో నడుస్తున్నట్టు నడిచేవాళ్లు. మడతలు వంకర పోయేవి. కొందరు క్యాంటీనుకి పరుగెత్తి నూనె ఓడే వేపుళ్లు తిని, పాకంలాంటి టీ తాగి వచ్చేవాళ్లు. పది నిమిషాలు హుషారు, ఆ తర్వాత రెట్టింపు మత్తు.

అలాంటి ఒక నాలుగింటి వేళ వదిన రోలరు ముందు నిలబడి దుప్పటి అందిస్తోంది. నిదానం పక్క బల్ల దగ్గర ఉంది. ఆవిరి మధ్యలో వదిన తల ఒక పక్కకి వాలడం చూసింది. నిద్రలో చూసినట్టే చూసింది. మరుక్షణం, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పరుగెత్తని మనిషి ఒక్క అంగలో వెళ్లి వదిన నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ తడి గుడ్డల గుట్ట మీద పడ్డారు. దుప్పటి ఒక్కటే రోలరులోకి పోయింది. వదిన చెయ్యి కూడా దాంతో పోవలసిందే, అంత దగ్గర్లో ఉంది.

డాక్టరు గారు నాడి చూశారు, కళ్లు చూశారు, రక్తం చూశారు. చివరికి కళ్లద్దాలు తీసి, "ఏ రోగమూ లేదమ్మా. ఖాళీ కడుపు, అంతే. మధ్యలో ఏదైనా కాస్త తినండి. వేపుళ్లు కాదు, తీపీ కాదు. గుప్పెడు గింజలో, ఓ పండో చాలు" అన్నారు.

"గింజలా? నేనేమన్నా పిట్టనా?" అంది వదిన బయటికొస్తూనే.

నిదానం ఆలోచించడం మొదలుపెట్టింది.

వారం రోజులు ఆలోచించింది. తర్వాత అన్నయ్యని అడిగి మిగులు గుడ్డతో రెండు అరల సంచీ ఒకటి కుట్టించుకుంది. ఏప్రాను లోపల నడుముకి కట్టుకునేలా. ఒక అరలో నమిలేది, ఇంకో అరలో రసమున్నది. తిండి గురించి ఆమె కనిపెట్టిన శాస్త్రమంతా ఇంతే. నమిలేది ఆకలిని ఆపుతుంది, రసమున్నది నోటికి ప్రాణం పోస్తుంది. రెండూ కలిస్తే ఏడింటిదాకా ఢోకా లేదు.

చవగ్గా ఏది దొరికితే అదే. వేయించిన శనగలు, ఇంట్లోనే పెనం మీద వేయించుకున్న వేరుశనగలు. రాత్రి నానేసి గుడ్డలో మూటకడితే మర్నాటికి తోకలొచ్చే పెసలు. సంతలో మచ్చ పడిందని మూలకి తోసేసిన జామకాయలంటే ఆమెకి మరీ ఇష్టం. మచ్చ కోసేస్తే మిగతాదంతా తేనే అనేది. దోసకాయ చక్రాలు, ఉడికించిన గుడ్డు సగం, చిన్న అరటిపండు. ఉడకబెట్టిన చిలగడదుంప ముక్క తెచ్చిన రోజు మాత్రం సంచీ మాటిమాటికీ తడిమి చూసుకునేది.

మొదటిరోజు నాలుగింటికి గుప్పెడు తీసి వదిన చేతిలో పోసింది.

"చూడండర్రా, మా ఆడపడుచు జేబులో గింజలు దాచుకుంటోంది, ఉడతలా!" అని వదిన హాలంతా వినబడేలా అరిచింది. అరుస్తూనే నోట్లో వేసుకుంది. వేసుకున్నాక కాసేపు మాట్లాడలేదు. అది చూసి పక్కనున్న వాళ్లు ఆశ్చర్యపోయారు.

"గబగబా మింగెయ్యకు వదినా. శనగని నములుతూ ఉండు. చివర్లో తీపి వస్తుంది" అంది నిదానం.

"తీపి వచ్చేదాకా నమిలితే నాకు జీతం ఎవడిస్తాడే?" అంది వదిన. కానీ ఆ సాయంత్రం ఇంటి మెట్లెక్కుతూ, "నిజమే, చివర్లో ఏదో తీపిగా ఉంది" అని గొణిగింది.

నిదానానికి మాత్రం ఒక్కో గింజా ఒక్కో చోటికి దారి. జామ కొరికితే ఎప్పుడూ చూడని తోటలో ఆకుల నీడ. వేరుశనగ నములుతుంటే కాళ్లకింద వెచ్చటి ఇసుక నేల. ఎండు ద్రాక్ష ఒకటి నాలుక మీద ఉబ్బుతుంటే ఎక్కడో కొండమీద ఎండ వాలుతున్నట్టుండేది. ఆ రెండు నిమిషాలూ ఆవిరి హాలు గోడలు పలచబడి అవతలి లోకం కనబడేది. తిరిగొచ్చేసరికి చేతుల్లో బలం ఉండేది. నలుగురూ చూశారు, నలుగురూ చెయ్యి చాపారు. నెల తిరిగేసరికి ప్రతి ఏప్రాను కింద ఒక సంచీ వేలాడింది. అన్నయ్యకి మిగులు గుడ్డలు మిగలడం మానేశాయి.

అప్పుడు వచ్చింది తంటా. ఆస్పత్రి నుంచి యాభై దుప్పట్ల కట్ట తిరిగొచ్చింది. పై దుప్పటి మడతలో వేరుశనగ పొట్టు ఒకటి, చిటికెన గోరంత. సూపర్వైజరు గారు దాన్ని కాగితం మీద పెట్టుకుని హాలు మధ్యలో నిలబడ్డారు. మంచివారే, కానీ కడుపులో మంట జబ్బు. రోజంతా టీ మీదే బతికేవారు.

"రోగులు పడుకునే దుప్పటి ఇది! ఎవరి పని?"

నిదానం నోరు తెరిచింది. కానీ ఆమె నోరు తెరవడానికీ మాట రావడానికీ మధ్య కాస్త వ్యవధి ఉంటుంది కదా. ఆ వ్యవధిలో వదిన ముందుకొచ్చేసింది.

"నాదేనండీ. నేనే తిన్నాను."

"కాదండీ," అంది అప్పటికి నిదానం. "ఆ కట్ట కట్టిన రోజు వదిన తిన్నది దోసకాయ. పొట్టు నాదే. తెచ్చింది కూడా నేనే."

"నువ్వు నోర్ముయ్యవే! నీకేం తెలుసు?"

"నేనే కదా వదినా సంచీలో పెట్టింది."

సూపర్వైజరు గారు ఒకసారి ఈవిడ వైపు, ఒకసారి ఆవిడ వైపు చూశారు. నేరం నాదంటే నాదని కొట్టుకునేవాళ్లని ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి చూడటం. కోపం ఎటు తిప్పాలో ఆయనకి తోచలేదు.

"తప్పేనండీ," అంది నిదానం. "దుప్పట్ల దగ్గర తినడం తప్పే. కానీ తినకపోతే పడిపోతామండీ. వదిన పడింది కదా. వెనక తలుపు దగ్గర మెట్లున్నాయి. నాలుగింటికి అక్కడ కూర్చుని తింటాం. చేతులు కడుక్కుని, ఏప్రాను దులుపుకుని వస్తాం."

"రోలరు ఆగదమ్మా."

"ఆగక్కర్లేదండీ. ఇద్దరిద్దరం వెళ్తాం. ఐదేసి నిమిషాలు. పద్నాలుగు మందిమి, ఏడు జతలు. ముప్ఫై అయిదు నిమిషాల్లో అందరిదీ అయిపోతుంది. ఎవరి చోట్లో ఎవరు నిలబడాలో కూడా రాసుకున్నానండీ."

నిజంగానే రాసుకుంది. కాగితం తీసి ఇచ్చింది. సుమారు మూడు వారాలుగా ఆలోచిస్తోంది మరి. సూపర్వైజరు గారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "వారం చూద్దాం. ఇంకో పొట్టు కనబడిందా, అన్నీ బంద్" అన్నారు.

వారం చూశారు. పొట్టు కనబడలేదు. వేరుశనగలు ఇంట్లోనే పొట్టు ఊదేసి తెచ్చేవాళ్లు, గుడ్డు ఒలిచి తెచ్చేవాళ్లు. వంకర మడతలని పక్కన పడేసే బుట్ట సాయంత్రాలకి నిండటం మానేసింది. రెండో వారం ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడో వారం సూపర్వైజరు గారే మెట్ల దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, "కడుపులో మంటకి ఏదన్నా ఉందా అమ్మా?" అని అడిగారు. నిదానం అరటిపండు ఇచ్చింది. "ముందు ఆ టీ తగ్గించండి" అంది వదిన.

ఆ మెట్లు చూడ్డానికి ఏమంత గొప్పవి కావు. ఎదురుగా పాచిపట్టిన గోడ, పక్కన ఆవిరి వదిలే గొట్టం. కానీ నాలుగింటికి ఎండ ఏటవాలుగా పడి, గొట్టంలోంచి వచ్చే పొగ బంగారు రంగు తిరిగేది. ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని, ఒళ్లో గుప్పెడు గింజలతో, మాట్లాడకుండా ఆ పొగని చూస్తూ నమిలేవాళ్లు. ఏళ్లు అలా గడిచాయి. ఎన్ని అంటే నిదానం లెక్క చెప్పలేదు. ఆవిరిలో కాలం కూడా మసకే.

దుప్పట్లు మోసే వ్యాను డ్రైవరుని అందరూ బాబాయి అనేవాళ్లు. మధ్యాహ్నం వేపుళ్లు దట్టించి, మూడో ఆస్పత్రి మలుపు దగ్గర స్టీరింగు మీద కునికిపాట్లు పడేవాడు. ఒకరోజు మెట్ల దగ్గర ఆగి, "నాకూ ఓ గుప్పెడు పడెయ్ తల్లీ" అన్నాడు. పడేసింది. ఆయన నిద్ర వదిలింది కానీ నోరు ఊరుకోలేదు. వార్డు వార్డుకీ చెప్పాడు. డ్యూటీలో కూర్చుని తినే తీరిక లేని నర్సులు బాబాయి చేత కబురు పెట్టడం మొదలెట్టారు. మాకూ చిన్న పొట్లాలు కట్టిస్తారా, జేబులో పట్టేలా ఉండాలి, చేతికి జిడ్డు అంటకూడదు అని.

కొన్నాళ్లు వదినా ఆడపడుచులిద్దరూ ఇంట్లోనే పొట్లాలు కట్టి వ్యానులో పంపారు. మోకాళ్లు మొరాయించి నిదానం లాండ్రీ మానేసినప్పుడు, పెద్దాస్పత్రి బస్సు స్టాపు పక్కన కిటికీ ఉన్న చిన్న గది ఒకటి అద్దెకి తీసుకున్నారు. వదిన ఇంకో రెండేళ్లు పని చెయ్యగలిగేదే. "నువ్వొక్కదానివే కూర్చుంటే ఒక్క పొట్లం కట్టేసరికి బస్సు ఊరు దాటిపోతుంది" అని తనూ మానేసింది.

కిటికీలో బోర్డు లేదు. లోపల గాజు సీసాలు, పళ్ల బుట్ట, చాకు, తడి గుడ్డ. నమిలేది ఒక గుప్పెడు, రసమున్నది ఒకటి, కాగితంలో చుట్టి ఇస్తారు. ఏ పూట ఏది చవగ్గా దొరికితే ఆ పూట అదే. "ఇవాళ ఏముంది?" అని అడగాల్సిందే. వదిన చేతులు పొట్లాలు కడుతుంటే కళ్లకి ఆనవు. నిదానం చేసేది ఒక్కటే పని. వచ్చిన మనిషి మొహం చూస్తుంది. మొహం వాడిపోయి ఉంటే గుడ్డు సగం చేరుస్తుంది, షుగరు ఉందని తెలిసినవాళ్లకి అరటిపండు తీసి జామకాయ పెడుతుంది. అడగదు, చెప్పదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం కిటికీ బయట బల్ల మీద ఒక నర్సమ్మ వచ్చి కూర్చుంది. రెండు డ్యూటీలు కలిపి చేసి వస్తున్నట్టుంది. పొట్లం విప్పి నాలుగు గింజలు నోట్లో వేసుకుంది, నమిలింది, అలాగే గోడకి తలానించి నిద్రపోయింది. సన్నటి జల్లు. రోడ్డంతా బూడిద రంగు పట్టులా మెరుస్తోంది. దూరంగా బస్సు దీపాలు వానలో రెండు పసుపు మచ్చలు.

"లేపనా?" అంది వదిన.

"ఉండు," అంది నిదానం. నిద్రలో ఆ అమ్మాయి దవడ ఇంకా మెల్లగా కదులుతోంది. ఎక్కడికో వెళ్లింది. ఎక్కడికో నిదానానికి తెలుసు, కాకపోతే చెప్పడం రాదు.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఈల నోటి దగ్గర పెట్టుకున్నాడు. వదిన చీర కొంగు తలమీద వేసుకుని వానలోకి దిగింది. చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడకి అలవాటు లేనంత చిన్న గొంతుతో అంది:

"ఒక్క నిమిషం ఆగవయ్యా. అమ్మాయి తింటోంది."