బనారసి కోసం బోథ్ బురదలో ఒక రోజు

మంథని దగ్గర మా అక్కావాళ్ల రెండెకరాల చెలకలో వరుసగా రెండేళ్లు పత్తి వానలకు కుళ్లిపోయింది. ఈసారి ఉసిరి పెడతానని బావ పట్టుబట్టాడు. అదీ బనారసి రకమే. ఏదో నర్సరీలో దాని కాయ నిమ్మకాయంత కనిపించిందట. మేడ మీద కుండీల్లో నాలుగు మొక్కలు పెంచుతున్నందుకు మా అక్క దృష్టిలో నేను వ్యవసాయం తెలిసినదాన్ని. "ఆయన ఎవ్వల మాట ఇనడు. జర నువ్వు ఎంబడి పోయి సూసి రా" అని ఫోన్ చేసింది. వానలెక్కువ పడే బోథ్ వైపు బనారసి, చకయ్య, ఎన్.ఏ.-7 అనే మూడు ఉసిరి రకాలూ పెంచుతున్న తోట ఒకటి ఉందని తెలిసి, అక్టోబరులో ముసురు పట్టిన రోజే బయలుదేరాం.

కరీంనగర్‌లో తెల్లవారుజామున ఎక్కిన నిర్మల్ బస్సు జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా పోయింది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే నాకు టికెట్ డబ్బుల్లేవు. తనకు మాత్రం ఎందుకుండాలని బావ జగిత్యాల దాకా సణిగాడు. నిర్మల్‌లో బస్సు మారి బోథ్ అడ్డరోడ్డు దగ్గర దిగేసరికి మధ్యాహ్నం కావచ్చింది. మట్టిరోడ్డు అనగానే ఆటోవాళ్లు ముఖం తిప్పుకున్నారు. చివరికి ఒకతను రానుపోను ఐదు వందలకు ఒప్పుకుని, తోట ఇంకా చాలా దూరం ఉండగానే ఆపేశాడు. "గా బురదల దిగవడితే నా బండి నువ్వు ఎత్తుతవా అక్కా?" అన్నాడు. వానలో నడిచాం.

తోట గంగవ్వది. భర్త మస్కట్‌లో ఉంటాడు, సేద్యమంతా ఆమే చూసుకుంటుంది. మేం వెళ్లేసరికి వాలు పైభాగంలో ఎన్.ఏ.-7 చెట్ల కొమ్మలకు వెదురు కర్రలు పోటు పెడుతోంది. ఆ రకం విరగకాస్తుంది, బరువుకు కొమ్మలూ విరుగుతాయి. పక్క వరుసలోని చకయ్య కాయ చిన్నది, పీచు ఎక్కువ, కానీ అంత వానలోనూ కొమ్మను వదల్లేదు. ఆమె ఇవన్నీ ఓపికగా చెబుతుంటే బావ మధ్యమధ్య "బనారసి ఏది?" అంటూనే ఉన్నాడు. నాకు తల బాదుకోవాలనిపించింది.

గంగవ్వ మమ్మల్ని వాలు కిందికి తీసుకెళ్లింది. నిలిచిన నీళ్లలో ఒక వరుస బనారసి మోళ్లు. బతికిన ఒకటీ అరా చెట్ల కింద కాయలు రాలి కుళ్లుతున్నాయి.

"బిడ్డల లెక్క పెంచిన అన్నా. నీళ్లు నిలిచి ఏర్లు మురిగినయి. నా చేతులతోనే కొట్టేసిన."

బావ చెప్పులు విడిచి ఆ నీళ్లలోకి దిగాడు. ఒక మోడు వేరు పెకలించి వాసన చూశాడు. అది వేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయింది. తర్వాత పైకి వచ్చి, గంగవ్వ తాడు కట్టడం అయ్యేదాకా ఒక బరువైన కొమ్మను భుజాన మోస్తూ నిలబడ్డాడు. వచ్చేటప్పుడు ఒక్క చకయ్యనే పెడితే ఎట్లా ఉంటుందని అడిగాడు. ఒకటే రకమైతే పూత వచ్చినా కాత సరిగా నిలవదని, పక్కన ఇంకో రకం ఉండాలని ఆమె చెప్పింది.

తిరుగు బస్సులో బావ పక్కసీటు పెద్దమనిషితో మాట కలిపాడు. "బనారసి మన వానలకు ఆగది. నేను మొదటిసంది గదే జెప్తున్న."

నాకు ఒళ్లు మండిపోయింది. చీర అంచు నిండా బురద, కడుపులో పొద్దుటి టీ తప్ప ఏమీ లేదు. అయినా నోరు మూసుకున్నాను. రెండేళ్లు పంట పోగొట్టుకున్న మనిషి మూడోసారీ పొరపాటు చేయబోయానని పరాయివాళ్ల ముందు ఎట్లా ఒప్పుకుంటాడు? ఆ నలిగిన వేరును చూసినప్పటి అతని ముఖం నేను చూశాను. ముసురు తగ్గాక చెలక ఎత్తు మీద చకయ్య, ఎన్.ఏ.-7 కలిపి పెట్టడానికి గుంతలు తీశాడని, పల్లపు చెక్క వరికి వదిలేశాడని అక్క చెప్పింది. మీరూ ఉసిరి పెట్టాలనుకుంటే తోటలు చూడటానికి ఎండాకాలంలో వెళ్లకండి. పెద్దవాన పడిన మర్నాడు వెళ్లి, ముందు నీళ్లు ఎక్కడ నిలిచాయో చూడండి, కాయల సంగతి ఆ తర్వాత.