సలోమి టీచర్ తోట గోడ

మార్కెట్ నుంచి తెచ్చిన ద్రాక్షపళ్ళను నేను మూడుసార్లు కడుగుతాను. మొదట మామూలు నీళ్ళు, తర్వాత ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు, మళ్ళీ మామూలు నీళ్ళు. నాలుగేళ్ళ పాప ఉన్న ఇంట్లో ఇది అతి కాదని నేను అనుకుంటాను. అతేనని మా ఆయన అంటారు. నిన్న సాయంత్రం రెండో నీళ్ళలో చేయి పెట్టినప్పుడు గిన్నెలోంచి సన్నగా గంధకం వాసన వచ్చింది. ద్రాక్షతోటల్లో బూడిద తెగులుకు చల్లే పసుపుపచ్చని పొడి వాసన అది. నిజంగా వచ్చిందో, నాకే అనిపించిందో చెప్పలేను. పాప వంటింటి గడప మీద కూర్చుని పళ్ళ కోసం గొడవ చేస్తూనే ఉంది. నేను మాత్రం తడి చేతులతో అలాగే నిలబడిపోయాను. ఇప్పుడు పాప నిద్రపోయింది. సలోమి టీచర్ ఎవరో, నేను ఆమెకు ఏం చేశానో రాయడానికి కూర్చున్నాను.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డు దిగి కుడివైపు కుందూ నది దాకా పోతే మా ఊరు వస్తుంది. ఊరు మిట్ట మీద ఉంటుంది. మిట్ట మీద మా నాయనది కిరాణా అంగడి. మిట్ట దిగాక ఏటి ఒడ్డున సలోమి టీచర్ మట్టి మిద్దె, దాని ముందు రెండెకరాల ద్రాక్షతోట ఉండేవి. మా బడిలో మూడో తరగతి ఆమెదే. పొడుగ్గా, ఎముకలు కనబడే చేతులతో, ఎప్పుడూ ఏదో పనికి బయల్దేరినట్టు నిలబడేవారు. బడి వదిలాక నేను నేరుగా ఆమె వెంట తోటకే పోయేదాన్ని. ఇంట్లో అడిగితే లెక్కలు నేర్చుకుంటున్నానని చెప్పేదాన్ని. నన్ను ఆమె ఎన్నడూ పేరుతో పిలవలేదు. అంగడి పాపా అనే పిలిచేవారు.

అక్టోబరులో తీగలు కత్తిరించే రోజున టీచర్ పందిరి కింద తల వంచి చిన్న ప్రార్థన చేసి, మొదటి తీగ తానే కోసేవారు. ఆ తర్వాతే కూలీలు కత్తెర్లు పట్టాలి. తీగ మీద మొగ్గ ఉండే చోటును వాళ్ళు కన్ను అంటారు. ఎన్ని కన్నులు వదలాలో, ఎక్కడ కోయాలో ఆమె వేలితో తడిమి చెప్పేవారు. ఒక ఏడు నా చేతికీ కత్తెర ఇచ్చారు. పచ్చని తీగను అంత కురచగా కోయాలంటే నాకు చేయి రాలేదు. ఒక జానెడు ఎక్కువ వదిలి కోశాను. ఆమె ఆ తీగను పట్టుకుని చూసి, నవ్వకుండా అన్నారు.

"జాలిపడినావా? దీని మీద జాలిపడితే ఆకులు తినల్ల మనం."

మళ్ళీ కోయించారు. పొరపాటు చేసినవాళ్ళ చేతే దాన్ని దిద్దించడం ఆమె పద్ధతి. బడిలోనూ అంతే. తప్పు లెక్కను ఆమె కొట్టేసేవారు కాదు, పలక మన చేతికే తిరిగి ఇచ్చేవారు. కొట్టిన టీచర్లను మరిచిపోయాను గానీ ఆ పలకను తిరిగి అందుకోవడం మాత్రం మరిచిపోలేదు.

ఆ తోటకు ఏటివైపు ఒక గోడ ఉండేది. టీచర్ భర్త ప్రకాశం సారు కట్టింది. బేతంచెర్లలో పాలిష్ పట్టేటప్పుడు విరిగిపోయిన నాపబండలను ట్రాక్టర్లలో తెప్పించి, నిలువుగా పాతి, సందుల్లో సిమెంటు నింపి, రెండేళ్ళు సెలవు దినాల్లో తన చేత్తోనే కట్టారు. కుందూ పొంగినప్పుడల్లా ఒడ్డు కోసుకుపోయేది కాబట్టి, ఏరు లోపలికి రాకూడదని కట్టిన గోడ అది. పాము దూరే సందు కూడా లేదని ఆయన అందరికీ చూపించుకునేవారు. నీళ్ళు బయటకు పోవడానికి ఒక తూము పెట్టమని మేస్త్రీ చెప్పినా వినలేదట. తూము పెడితే ఏరు ఆ తూములోంచే వస్తుందన్నారట. గోడ పూర్తయిన మరుసటి ఏడు, నేను పదో తరగతిలో ఉండగా, ఆయన గుండెనొప్పితో పోయారు. టీచర్ సాయంత్రాలు ఆ గోడకు ఆనుకుని కూర్చునేవారు. ఎండకు కాగిన బండ నడుము నొప్పికి మంచిదని చెప్పేవారు. నేనూ అంతవరకే అనుకున్నాను.

నేను నంద్యాలలో డిగ్రీ ముగించి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్న ఏడు వరద వచ్చింది. అప్పటికి టీచర్ రిటైరయ్యారు. కత్తిరింపు అయి పది పన్నెండు రోజులు. కన్నులు విచ్చుకుని లేత చివుళ్ళు కనబడుతున్నాయి. మూడు రోజులు వాన ఆగలేదు. అందరూ ఏటివైపే చూస్తూ ఉంటే, నీళ్ళు వెనకనుంచి, మిట్ట పక్కన వాగులా పారే వంక గట్టు తెగి వచ్చాయి. పల్లంలో ఉన్న తోటలోకి దిగి, గోడ దాకా వచ్చి, అక్కడ పోవడానికి దారి లేక నిలబడ్డాయి. తర్వాత ఏరు కూడా గోడ మీదుగా వచ్చి కలిసింది. తెల్లారేసరికి మిద్దె కూలిపోయింది. టీచర్ అంతకుముందే మిట్ట ఎక్కి మా అంగడికి వచ్చారు. ప్లాస్టిక్ కవరులో చుట్టిన బైబిలు, నాలుగు కోళ్ళు, కట్టుకున్న చీర, అంతే. మా అమ్మ పొడి చీర ఇస్తే కట్టుకుని, ఇల్లు కూలిన చోటు వైపు ఒక్కసారి కూడా చూడకుండా, తోట వైపే చూస్తూ కూర్చున్నారు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించబోతున్న మనిషిలా ఉన్నారు.

రెండో రోజుకు ఏరు తగ్గింది. ఒడ్డు బయటపడింది. తోటలో మాత్రం తొడల లోతు నీళ్ళు గోడ లోపల అలాగే నిలిచి ఉన్నాయి. ఏరు లోపలికి రాకుండా కట్టిన గోడ, వచ్చిన నీటిని బయటకు పోనివ్వడం లేదు. గోడకు కన్నం వేయాలని టీచర్ మా నాయన దగ్గర గడ్డపార అడిగి తీసుకుని బయల్దేరారు. నేను వెంట పోయాను. దారిలోనే నేను ఆ మాట చెప్పాను. మా ఊరి వాళ్ళ ఫోన్ గ్రూపులో పొద్దున ఒక మెసేజ్ వచ్చింది. పంట నష్టం రాసుకోవడానికి ఆఫీసర్లు వచ్చేదాకా మునిగిన చేను మునిగినట్టే ఉండాలని, ఎవరైనా ముందే నీళ్ళు తీసేస్తే పేరు రాసుకోరని అందులో ఉంది. దాన్ని ఎవరు రాశారో, ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. చదివాను, చెప్పాను.

టీచర్ ఆగారు. "నిజమేనా పాపా?"

"నిజమే టీచర్. నేను చదివినా."

ఆమె గడ్డపారను భుజం మీదనుంచి దించి నేలకు ఆనించారు. కాసేపు గోడను చూశారు. "సరే. నువ్వు చదువుకున్నదానివి" అని వెనక్కి తిరిగారు.

ఆ తర్వాతి రోజుల గురించి రాయడం కష్టంగా ఉంది. రోజూ ఇద్దరం మిట్ట అంచున నిలబడి చూసేవాళ్ళం. వాన పోయి ఎండ కాసింది. నీళ్ళు వేడెక్కాయి. నాలుగో రోజుకు చివుళ్ళు వాడిపోయి వేలాడాయి. ఐదో రోజుకు కుళ్ళిన వాసన అంగడి దాకా వచ్చింది. వేళ్ళకు ఊపిరాడదని ఆమెకు తెలుసు. నాకు ఆమే చెప్పారు, మూడో తరగతిలో. ఆఫీసు దాకా పోయి ఎవరినైనా అడిగి వద్దామా అని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే నా మాట తప్పని తేలుతుందేమోనని భయమేసి ఊరుకున్నాను. అది నాకు ఇప్పుడు బాగా తెలుస్తోంది. అప్పుడు తెలియదని చెబితే కూడా అబద్ధమే అవుతుంది.

ఎనిమిదో రోజు ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. మా ఊరి కంటే ముందు చాలా ఊళ్ళు తిరిగి వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తోటను చూసి నిజంగానే బాధపడ్డాడు. "ఇన్ని దినాలు నీళ్ళు ఎందుకు పెట్టుకున్నావమ్మా? ఫోన్లో ఫోటో తీసుకొని అప్పుడే వదిలేసుంటే సరిపోతాండె గదా" అన్నాడు.

టీచర్ నా వైపు చూడలేదు. "తెలీలేదు నాయనా" అని మాత్రం అన్నారు.

అతను రాసుకుని పోయాక ఆమె గడ్డపార తెచ్చి గోడకు కన్నం వేశారు. మూడు బండలు పడ్డాక నీళ్ళు నల్లగా బయటకు వచ్చాయి. మధ్యాహ్నానికి తోట ఖాళీ అయింది. బురదలో నిలబడి ఆమె ఒక తీగ మొదట్లో గోటితో గీకి చూశారు. లోపల పచ్చదనం లేదు. రెండోది గీకారు. మూడోది గీకారు. ఆ వరుస చివరిదాకా గీకుతూ పోయారు. నెల తిరిగేలోపు తోటంతా ఎండు కట్టె.

ఆఫీసర్లు ఆలస్యంగా వచ్చి తోటను చంపినారని ఊళ్ళో చెప్పుకున్నారు. మా నాయన కూడా అంగడిలో అదే చెప్పేవాడు. నేను వింటూ పప్పు పొట్లాలు కట్టేదాన్ని.

టీచర్ ఆళ్లగడ్డలో ఒక గది బాడుగకు తీసుకున్నారు. ఊరి బయట, ఏటికి వంకకు దూరంగా, ఒక మెట్ట చేనును కౌలుకు పట్టారని విన్నాను. నాకు నంద్యాలలో పెళ్ళయింది. ఏడాదిన్నర ఆమెను చూడటానికి పోలేదు. ఐదో నెల కడుపుతో ఉన్నప్పుడు, ఇంక దాచుకుంటే బిడ్డకు ఏమైనా అవుతుందేమోనన్న పిచ్చి భయంతో బస్సెక్కాను. నా ఒప్పుకోలు కూడా నా బిడ్డ కోసమే బయటికి వచ్చింది, ఆమె కోసం కాదు.

చేనులో ఆమె ఒక్కరే ఉన్నారు. పాత తోటలో ఒండ్రులో కూరుకుపోయిన పందిరి రాతి స్తంభాలను తవ్వి తీయించి, ఇక్కడ మళ్ళీ పాతించారు. కొత్త మొక్కలు మోకాలెత్తు కూడా లేవు. ఎర్రటి నేల, గాలికి దుమ్ము. ఆమె చేతులు ఇంకా సన్నబడ్డాయి. నన్ను చూసి, నా కడుపును చూసి, ఎండలో నిలబడొద్దని కానుగ చెట్టు నీడకు తీసుకుపోయారు. నేను చెప్పాల్సింది చెప్పేశాను. నా మాట వల్లే తోట పోయిందని ఏడ్చాను.

"అవును. నీ మాట వల్లే" అన్నారామె.

నేను ఊహించింది అది కాదు. లేదు పాపా అంటారనుకున్నాను. ఆమె చెంబుతో నీళ్ళు ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, మెల్లగా చెప్పారు.

"నాకు గూడ ఆ గోడ పగలగొట్టబుద్ధి గాలా. మీ సారు చేత్తో కట్టింది. నువ్వు వద్దనంగానే పానానికి హాయనిపించింది. ఇంకొకరిని అడగాల్సిన పన్లేదని అనిపించింది. నీది సగం, నాది సగం మ్మే. నా సగం నేను మోస్తాండా. నీ సగం గూడ నన్నే మోయమంటే యాడ మోసేది?"

ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో పెద్దగా గుర్తులేదు. కాన్పు ఎప్పుడని అడిగారు. మహానంది పోయే మా అత్తగారి మొక్కుల గురించి ఏదో ఎగతాళి చేశారు. బస్సు దాకా వచ్చి కండక్టరుతో, కడుపుతో ఉంది, ముందు సీటు ఇయ్యప్పా అన్నారు.

మరుసటి ఎండాకాలం ఆమె పోయారు. కామెర్లు ముదిరాయని నంద్యాల ఆసుపత్రిలో చేర్చారు. నాలుగు రోజులున్నారు. నాకు కబురు అందేసరికి ఆళ్లగడ్డలో పూడ్చిపెట్టేశారు. ఆ కొత్త తీగలకు ఒక్క కాపు కూడా రాలేదు. చేను గలాయన మరుసటి ఏడు వాటిని పెరికించి శనగ వేశాడు. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది ఫలించిందని రాయగలిగితే బాగుండేది. రాయలేను.

పోయిన నెల పాపను తీసుకుని మా ఊరికి పోయాను. అంగడిలో నాయన పక్కన కూర్చున్నాను. చక్కెర కోసం వచ్చిన ఒక పెద్దాయన వానలు మొదలయ్యాయని, పాపం ఆ టీచరమ్మ తోటను ఆఫీసర్లే పొట్టన పెట్టుకున్నారని అన్నాడు. నాయన అవునంటూ తూకం వేస్తున్నాడు. పాప నా ఒళ్ళో బెల్లం ముక్క చప్పరిస్తోంది.

"కాదు పెదనాయనా. గోడ పగలగొట్టొద్దని చెప్పింది నేను" అన్నాను.

పెద్దాయన నన్ను, నాయనను మార్చి మార్చి చూసి, పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఆ సాయంత్రానికే ఆ మాట తిరిగి ఉంటుంది. నాయన తక్కెడ తీసి తుడిచాడు.

"ఇప్పుడెందుకు చెప్పినావ్ మ్మా? అడిగినోళ్ళు లేరు గదా" అన్నాడు.

 చెప్పినందుకు హాయిగా అనిపించలేదు. పాపను చంకనేసుకుని లేచాను. బరువుగా ఉంది. అది నేను మోయాల్సిన బరువే.