కోర్టు వారి అనుమతితో అల్లరి

బాలింకాలిగ్‌లో మా పక్కింటివాళ్లు మొన్న గులాబీ పువ్వులు వండారు. కాగిన నూనెలో అచ్చు ముంచగానే లేచే ఆ యాలకుల వాసన తడిసిన కంచె దాటి మా వంటింట్లోకి వచ్చేసరికి, చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గర నిలబడిపోయాను. నా చిన్నప్పుడు డ్రోహెడాలో రత్నం ఆంటీ ఇంట్లో క్రిస్మస్ ముందు శనివారాలన్నీ ఇదే వాసన. నాలుగింటికే చీకటి పడి, బయట ఆగకుండా వాన కురుస్తూ, లోపల అంకుల్ టీని సాసరులో పోసుకుని ఊదుకుంటూ కూనిరాగాలు తీస్తూ ఉంటే, ఆంటీ స్టవ్ ముందు నిలబడి అచ్చు విదిలించేది. విరిగిన పువ్వులు మాత్రమే మాకు దక్కేవి కాబట్టి, అన్నీ విరిగిపోవాలని కృప మనసులో ప్రార్థన చేసుకునేది.

కృప వాళ్లమ్మాయి, నేను కాను. నాన్న లేడు, అమ్మ జబ్బు చేసి ఆస్పత్రిలో ఉండిపోయింది. చూసేవాళ్లెవరూ లేక కోర్టు నన్ను వాళ్లింటికి పెంపకానికి పంపింది. అప్పుడప్పుడూ నన్ను తీసుకెళ్లి అమ్మని చూపించేవాళ్లు. ఈ పరాయి దేశంలో తెలుగు పిల్లని తెలుగింటికే పంపాలని ఎవరికి తోచిందో గానీ, వాళ్ల కడుపు చల్లగుండ! వచ్చిన కొత్తలో నేను తక్కువదాన్నేం కాదు. కేకలు పెట్టేదాన్ని, ప్లేట్లు విసిరేదాన్ని, పడుకోమంటే తల గోడకేసి కొట్టుకునేదాన్ని. డాక్టరు ఒక మాత్ర రాశాడు. కోర్టు సంరక్షణలో ఉన్న పిల్లకి అలాంటి మందు వెయ్యాలంటే జడ్జిగారు సరేననాలి, అది ఎలా పనిచేస్తోందో ఆయనకి మళ్లీ చెబుతూ ఉండాలి. "బియ్యపుగింజంత మాత్రకి జడ్జిగారి కాపలా చూశావా!" అని అంకుల్ మేలమాడేవాడు.

మాత్ర పనిచేసింది. కేకలు ఆగిపోయాయి. ఆకలి పెరిగింది, పెట్టిందల్లా తినేదాన్ని, చీకటి పడగానే నిద్రపోయేదాన్ని, కూర్చోబెట్టిన చోటే కూర్చునేదాన్ని. తెలుగువాళ్లకి ఇంతకంటే ఏం కావాలి! ఇంటికొచ్చిన ఆంటీలందరూ నా బుగ్గలు పుణికి, "ఎంత బుద్ధిమంతురాలమ్మా! మావాళ్లూ ఉన్నారు, ఎందుకూ?" అని పోయేవాళ్లు. రత్నం ఆంటీ పొంగిపోయి నాకు ఇంకో గరిటె పప్పన్నం వడ్డించేది.

నాకు ఆ రోజులు దుప్పట్లోంచి చూసినట్టు మసకమసకగా గుర్తున్నాయి. ఇంటి ముందు కృప సుద్దతో గడులు గీసి తొక్కుడుబిళ్లకి పిలిస్తే వెళ్లి నిలబడేదాన్ని, నా వంతు వచ్చేసరికి గుమ్మం మీద కూర్చుని కునికేదాన్ని. ఒకరోజు కృప కాలు నేలకేసి కొట్టి, "మమ్మీ, షీ ఈజ్ నో క్రాక్ అట్ ఆల్!" అని ఫిర్యాదు చేసింది. సరదా అన్నదే బొత్తిగా లేని పిల్లనట నేను.

"పోవే! దాన్ని చూసి నువ్వు కాస్త నేర్చుకో" అంది ఆంటీ.

మందు సంగతి మళ్లీ జడ్జిగారి ముందుకొచ్చిన రోజు ఆంటీ పట్టుచీర మీద పెద్ద కోటు వేసుకుని కోర్టుకి వెళ్లింది. నన్ను తీసుకెళ్లలేదు, అక్కడ జరిగింది నేను పెద్దయ్యాక ఆంటీ చెప్పగా విన్నదే. బాగా తింటోంది, బాగా పడుకుంటోంది, ఏ గొడవా లేదు, గ్రాండ్, అని చెప్పి గర్వంగా కూర్చుందట. జడ్జిగారు కళ్లజోడు తీసి, "ఏం అల్లరి చేస్తుంది?" అని అడిగారట.

"ఏమీ చెయ్యదు సార్."

"మరి దేనికి నవ్వుతుంది?"

ఆంటీ రోజులన్నీ వెనక్కి తిప్పి చూసుకుంది. నేను నవ్వగా ఆమె ఎన్నడూ చూడలేదు. పిల్ల మొద్దుబారిపోతుంటే బుద్ధి అనుకున్నానే అని అక్కడే ఏడ్చేసిందట. ఇంకో డాక్టరుకి కూడా చూపించాలన్నారు జడ్జిగారు. డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని, మోతాదు మెల్లమెల్లగా తగ్గించి చూద్దామన్నారు. ఈసారి వచ్చేటప్పుడు తన ప్రశ్నకి జవాబు తెమ్మని జడ్జిగారు ఆంటీని పంపించారు.

స్కూలు హాల్లో జరిగే మా తెలుగు చర్చిలో ఆ ఆదివారమే ఆంటీ లేచి నిలబడి, "మా పిల్ల అల్లరి చెయ్యాలని అందరూ ప్రార్థన చెయ్యండి" అంది. పిల్లల అల్లరి మానిపించమని వారం వారం దేవుడికి మొరపెట్టుకునే తల్లులంతా మొహమొహాలు చూసుకున్నారు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "సరేనమ్మా, దేవుని చిత్తం" అన్నారు.

ఫలించింది, మామూలుగా కాదు! మందు తగ్గేకొద్దీ నాకు వాన చప్పుడు వినబడింది, పచ్చడి కారం తెలిసింది, తొక్కుడుబిళ్లలో కృపతో జుట్టూ జుట్టూ పట్టుకున్నాను. ఒక ఆదివారం పెద్దలంతా కళ్లు మూసుకుని ఎంతకీ తెమలని ప్రార్థనలో ఉండగా, మేమిద్దరం బయటికి జారుకుని, తలుపు దగ్గర వరసగా విప్పిన బూట్లన్నిటినీ జతలు తప్పించి, ఒకరి లేసు ఇంకొకరి లేసుకి ముడేశాం. కాసేపటికి పాస్టరుగారు ఒక చేతిలో తన నల్లబూటు, ఇంకో చేతిలో ఎవరిదో ఎర్రచెప్పు పట్టుకుని బిక్కమొహం వేశారు. నేను కడుపు పట్టుకుని నేల మీద దొర్లాను. నా నవ్వు నాకే కొత్తగా ఉంది, ఆపుదామన్నా ఆగలేదు.

"నీ దుంపతెగ! ఇది నీ పనేనా?" అని చెవి మెలిపెట్టిన ఆంటీ, ఆ చెవి వదలకుండానే, "స్తోత్రం! చూడండమ్మా, నవ్వుతోంది, మా పిల్ల నవ్వుతోంది!" అని భోరుమంది.

"మనం అడిగిందే కదమ్మా" అన్నారు పాస్టరుగారు, ఎర్రచెప్పు కింద పెడుతూ.

ఈ కథంతా ఆంటీ కోర్టులో చెప్పేసరికి జడ్జిగారు పైకే నవ్వేశారట. మాత్ర ఇక అక్కర్లేదన్న డాక్టర్ల మాటకి సరేనన్నారు. ఆ తర్వాత ఆంటీ ఎప్పుడు కర్ర తీసినా, "కోర్టు ఆర్డరు!" అని అరిచి పరిగెత్తేదాన్ని.

ఇప్పుడా ఇల్లు ఎవరిదో అయిపోయింది. అంకుల్ పోయాడు, ఆంటీ ట్రాలీ అనే ఊళ్లో కృప దగ్గర ఉంటోంది. చర్చికి సొంత భవనం వచ్చింది, బూట్లు విప్పే పనే లేదు. నాకు పద్దెనిమిది నిండిన రోజునే కోర్టు నన్ను వదిలేసింది. ఆ జడ్జిగారు రిటైరై ఏదో ఊళ్లో తోటపని చేసుకుంటూ ఉంటారు. నేనాయన్ని చూడలేదు, ఆయన నన్ను చూడలేదు, దారిలో ఎదురైనా ఒకరినొకరం పోల్చుకోలేం. ఏ బస్సులోనో ఆయన వెనక సీట్లో నేనూ కృపా కూర్చోవాలని, కృప ఏదో ఒకటి అనాలని, నేను పగలబడి నవ్వాలని, ఎవరబ్బా ఈ పిల్ల అని ఆయన విసుక్కుని వెనక్కి తిరిగి చూడాలని నాకు ఎంత ఆశో!