తలుపు కొట్టని హేమ కోసం బిలాస్‌పూర్ దాకా

పోలండ్‌లో చదువుకునే నాకు వేసవి సెలవుల్లో బిలాస్‌పూర్ వెళ్ళే పని పడుతుందని అనుకోలేదు. మా హాస్టల్లో నా పక్క గది హేమది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, వాక్యం తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది. చేరిన కొత్తలో ఒకరోజు బట్టలు ఉతకడానికి బయల్దేరి తలుపు తీస్తే, గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. "ఎంతసేపైంది?" అంటే "ఇప్పుడే" అంది. గిన్నెలో ఉప్మా చల్లారి గడ్డకట్టింది. అలా మేం స్నేహితులమయ్యాం. మిగతావాళ్ళతో మాత్రం తనకు కుదరలేదు. ఎవరి తలుపూ కొట్టదు, ఎవరి గదికీ రాదు, అందుకని పొగరనుకున్నారు. మొదటి ఏడాది అవగానే ఇంటికి వెళ్ళిపోయింది. ఇక రానని ఫోన్‌లో చెప్పింది. "అక్కడ నేను లేకపోతే ఎవరికి తెలుస్తాది?" అంది. ఆ మాటకు ఎదురుగా కూర్చునే జవాబు చెప్పాలనిపించింది. సెలవులకు విశాఖ వచ్చి ఉన్నాను కదా, వస్తున్నానని చెప్పి టికెట్ తీసుకున్నాను.

విశాఖ నుంచి కోర్బా వెళ్ళే రైలు రాత్రి భోజనాల వేళకు ఎక్కితే మర్నాడు పొద్దున బిలాస్‌పూర్‌లో దిగొచ్చు. రాయ్‌పూర్ దాటాక రెండువైపులా నాట్లు వేస్తున్న పొలాలు, మధ్యలో బొగ్గు వ్యాగన్లకు దారిచ్చి మన బండి ఆగిపోవడాలు. కాబట్టి గంటో రెండు గంటలో ఆలస్యం లెక్కలో వేసుకోండి. స్టేషన్ బయట పోహా అనే అటుకుల ఉప్మా మీద జిలేబీ పెట్టి ఇస్తారు. వద్దనకండి, బాగుంటుంది. ఆటో అతను నా హిందీ వినగానే "ఆంధ్రా సే?" అని నవ్వాడు. ఆ కాలనీలో ఇంటి నంబరు చెబితే దొరకదట. "ఆ ఇంటాయన రైలు బండి నడుపుతారా, షెడ్డులో పనా, అది చెప్పండి" అన్నాడు. లోకో పైలట్, బండే నడుపుతారు, వాళ్ళమ్మాయి పోలండ్‌లో చదివింది అన్నాను. సరిగ్గా గుమ్మం ముందే దింపాడు.

బెల్లు నొక్కితే మోగలేదు. వైరు ఊడదీసి ఉంది. సరేనని తలుపు గట్టిగా బాదాను. పక్క క్వార్టర్ నుంచి ఒక పెద్దావిడ చీపురుతో సహా బయటికొచ్చింది.

"ఓలమ్మా, గమ్మునుండు. బాబు రాత్రంతా బండి నడిపొచ్చి ఇప్పుడే తొంగున్నాడు. ఎవరి తాలూకు నువ్వు?"

"హేమ స్నేహితురాల్నండీ. మరి లోపలికి ఎలా వెళ్ళాలి?"

"ఎలాగేటి? పెరట్లోకెళ్ళి నిలబడు."

వెళ్ళి నిలబడ్డాను. పెరటివైపు వంటింటి కిటికీ. నేను నోరు తెరవకముందే లోపలి నుంచి ఒక చెయ్యి ఊగింది. "వొచ్చేసినావా తల్లీ, రా, రా" అని గుసగుసగా పిలిచింది హేమ వాళ్ళమ్మ. ఆ వరుసలో అందరూ అలాగే వస్తారు. ఏ ఇంట్లో ఎవరు రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నారో తెలియదు కనుక పగలు ఎవరూ తలుపు కొట్టరు. వంటింటి కిటికీ ముందు నిలబడితే చాలు, ఎవరో ఒకరు చూస్తారు. ఆ ఉప్మా గిన్నె అప్పుడు అర్థమైంది నాకు. హాస్టల్ తలుపుల పక్కన కిటికీలు లేవు.

బియ్యప్పిండి అట్లలాంటి చీలాలు, టమాటా పచ్చడి తింటూ అదే మాట హేమతో అన్నాను. తను పచ్చడి గిన్నె నా వైపు జరిపి, "కొట్టాలని నాకు తోచనే లేదు" అంది. "నేనొచ్చి నిలబడ్డాను గదా, వాళ్ళే తియ్యలేదనుకున్నా."

మధ్యాహ్నం వాళ్ళ నాన్న లేచి, కళ్ళు నులుముకుంటూ మా మధ్య కూర్చున్నాడు. సంగతి విని నవ్వబోయి ఆగిపోయాడు. "నా నిద్ర కోసమనీసి పిల్లకి తలుపు కొట్టడం రాకుండా చేసేసినామే."

"అదేటి నాన్నా" అంది హేమ.

"నచ్చకపోతే మానేయనీండి, ఇక్కడ కాలేజీల్లేవా?" అంది వాళ్ళమ్మ.

"నచ్చకపోవడం కాదమ్మా." హేమ నా పళ్ళెంలోంచి ఒక ముక్క తుంచుకుంది. "ఒసే, మనిద్దరం ఒకే గది తీసుకుంటే? మధ్యలో తలుపే ఉండదు."

"అచ్ఛా" అంది వాళ్ళమ్మ నాతో. "గురక పెడతాది, చెప్పిందా మరి?"

కొత్త దేశంలో స్నేహితులు దొరకాలంటే చొరవ ఉండాలని అందరూ చెబుతారు. హేమకు చొరవ లేదని ఎలా అనగలం? వేడి గిన్నెతో గుమ్మం దాకా వచ్చిన మనిషి తను. ఏడాదంతా గోడకు ఇటువైపు ఉండి కూడా, తను ఎలాంటి ఇంట్లో పెరిగిందో నేనెప్పుడూ అడగలేదు. పోలండ్‌లో చదవబోయేవారికి ఒక్క మాట: ఇద్దరుండే గదులు త్వరగా అయిపోతాయి, సెలవులకు ముందే అడిగి పెట్టుకోండి. మేం ఆలస్యంగా అడిగాం కాబట్టి లిఫ్టు లేని భవనంలో చిట్టచివరి అంతస్తు దొరికింది. ఫర్వాలేదు, పెట్టెలు మోయడానికి ఇద్దరం ఉన్నాం.