మొదటి గెడ ఎవరు పట్టాలి

ఏలూరు చేరేసరికి ఉదయం ఆరున్నర. వాన పడుతూనే ఉంది. రెండు ట్రక్కులు, మూడు రబ్బరు పడవలు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, రెండు వైర్‌లెస్ సెట్లు. ఒక స్కూల్లో మకాం. తమ్మిలేరు గట్లు ఒరుసుకుని పారుతోంది. మాది పెదవేగి. పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో అమ్మ వేడి వేడి అన్నం వండుతుంటే నేను తడి బూట్లతో ఏలూరులో బిస్కెట్లు నముల్తున్నాను. సైన్యంలో ఇలాంటి సరదాలకు లోటుండదు.

కెప్టెన్ మ్యాపు పరిచి ఆర్డరిచ్చారు. కొల్లేరు లోపల ఒక లంక ఊరు. చుట్టూ చేపల చెరువులు. ఎగువనున్న పెద్ద చెరువు గట్టు నానిపోయింది, ఎప్పుడైనా తెగొచ్చు. చీకటి పడేలోపు జనాన్ని బయటికి తేవాలి. కెప్టెన్ ఏలూరులోనే సెట్టు దగ్గర ఉంటారు. లంకకు హవల్దారుగా నేను, ఆరుగురు జవాన్లు, ఒక రేడియో ఆపరేటరు.

పదకొండుకు ఊళ్లో దిగాం. వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. జనమంతా మూటలతో బడి అరుగు మీద ఉన్నారు. పక్కనే ఊరివాళ్ల పెద్ద దోనెలు, నాటుపడవలు, పది కట్టి ఉన్నాయి. మా పడవలకు తోడు అవి కూడా కదిలితే ఒక్క ట్రిప్పులో ఊరు ఖాళీ. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కండి" అన్నాను. ఒక్కరూ లేవలేదు.

ముందు వరసలో ఉన్న నలభై ఏళ్లావిడ మెల్లగా నోరు విప్పింది. ఆ ఊరి పెద్దకు కోడలట.

"ఏవండీ, ఏమీ అనుకోకండి. మా మావయ్యగారు ఏలూరు ఆసుపత్రిలో ఉన్నారండి, కాలికి ఆపరేషను. ఆయన గెడ పట్టకుండా మేం కదలవండి."

గెడ అంటే దోనెను తోసే పొడవాటి కర్ర. ఊరంతా కలిసి నీళ్ల మీదికి వెళ్లాల్సి వస్తే ముందు దోనెలో పెద్దాయన గెడ పట్టి తోయాలి. తర్వాతే మిగతావి. అది అక్కడి కట్టుబాటు.

"పోనీ మా రబ్బరు పడవలెక్కండి."

"ఎక్కితే అందరం కలిసే ఎక్కుతావండి."

ఎంత మర్యాదగా చెప్పిందంటే తిట్టడానికి కూడా వీల్లేకపోయింది. గట్టు సంగతి చెప్పాను. పిల్లల్ని చూపించాను. అలాగేనండి అన్నారు, కదల్లేదు. వీళ్లకు బుద్ధి లేదనుకుని పళ్లు నూరాను.

పన్నెండూ పదికి మా సెట్టు మూగబోయింది. అసలు కథ అక్కడ మొదలైంది. పది నిమిషాల క్రితం దాకా ఒక్క మనిషిలా పనిచేసిన నా మనుషులు లైఫ్ జాకెట్ల దగ్గర గొడవపడ్డారు. ఒకడు మూలకు పోయి కూర్చున్నాడు. ఇద్దరు, గట్టు ఇప్పుడే తెగిపోతుందేమో, మనమైనా వెళ్లిపోదాం అన్నారు. గట్టు ఎలా ఉండేదో అలాగే ఉంది. ఆపరేటరు మాత్రం మూగ సెట్టును "కంట్రోల్, కంట్రోల్" అని బతిమాలుతున్నాడు. నేనూ వాచీ చూసుకుంటూ కెప్టెన్ గొంతు కోసమే కాచుకున్నాను. అరుగు మీద వాళ్లకూ మాకూ తేడా యూనిఫామే.

రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ హాస్టల్ వార్డెనుగా చేరి, దూరవిద్యలో సైకాలజీ చదివాను. మనోవిశ్లేషకుల పాఠం వచ్చినప్పుడు నాకు ఆ మధ్యాహ్నం కళ్లకు కట్టింది. గుంపులో ప్రతివాడూ తన అంతరాత్మను తీసుకెళ్లి నాయకుడి చేతిలో పెడతాడట. అందరూ ఒకరి చేతిలోనే పెట్టారు కాబట్టి అన్నదమ్ములవుతారట. తండ్రిలాంటి ఆ నాయకుడు కనబడకపోతే అన్నదమ్ముల వరసా పోతుంది, చిన్న భయమూ కొండంత అవుతుంది. ఇంకో మాట కూడా ఉంది. కొన్ని గుంపులు, చేతులుండీ, ఎవరో వచ్చి నోట్లో ముద్ద పెట్టాలని కూర్చుంటాయట. పరీక్షలో ఈ ప్రశ్నకు నేను అడిషనల్ షీట్లు అడిగి మరీ రాశాను.

ఒంటిగంటా నలభైకి సెట్టు పలికింది. "రిపోర్ట్" అన్నారు కెప్టెన్. ఆ ఒక్క మాటకు నా ఆరుగురూ లేచి జాకెట్లు సర్దేశారు. వాళ్లను చూశాక నాకు దారి దొరికింది.

"సార్, ఆసుపత్రి నుంచి ఈ ఊరి పెద్దను సెట్టు దగ్గరికి తెప్పించండి. ఒక్క మాట చెబితే చాలు."

రెండున్నరకు పెద్దాయన గొంతు వినిపించింది. అరుగు మొత్తం ముందుకు వంగింది.

"నీళ్లు ఎందాకా వచ్చినియ్యమ్మా?"

"బడి మూడో మెట్టు దాకా మావయ్యగారూ. ఎక్కమంటారా?"

గరగర మధ్య పెద్దాయన గొంతు మళ్లీ వచ్చింది.

"కుర్చీలో కూచున్నోణ్ణి, నాకేం కనపడతాదమ్మా? నీళ్లు నీ కళ్ల ముందున్నాయి. నువ్వు చూసి చెప్పు."

"మీరు చెప్పండి మావయ్యగారూ."

"నేను చెప్పనమ్మా. ఇయ్యాళ చెప్పేననుకో, నేను పోయిన్నాడు కూడా ఇలాగే కూచుంటారు. గెడ నాదేం కాదు. ఎవరో ఒకళ్లు ముందు తొయ్యాలని మా నాన్న నా చేతికిచ్చాడు, అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట, ఎక్కండి అంటే ఏం పోయింది ఈ ముసలాయనకు? గట్టు వైపు మట్టి పెళ్లలు విరిగి పడుతున్న చప్పుడు ఇక్కడికే వినబడుతోంది. అరుగు మీద ఎవరో ఏడుపు మొదలుపెట్టారు.

కోడలు రిసీవరు ఆపరేటరు చేతికిచ్చింది. గట్టు వైపు చూసింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, మెట్లు దిగి, ముందు దోనెలో గెడ అందుకుంది. ఊరంతా చూస్తోంది. గెడను అడుగుకు ఆనించి తోసింది, దోనె కదల్లేదు. పక్కింటావిడ దిగి అదే గెడ మీద చెయ్యి వేసింది. తర్వాత ఊరి చర్చి పాస్టరు వేశాడు. దోనె కదిలింది. ఇక చూడాలి, పది దోనెలూ, మా రబ్బరు పడవలూ ఎవరూ ఎవర్నీ అడక్కుండానే నిండాయి. నాకు కళ్లు చెమర్చాయి. వాన కాబట్టి జవాన్లకు తెలియలేదు.

సెట్టులో కెప్టెన్: "గట్టు పక్కనుంచి దగ్గర దారి. అటే రండి."

గట్టు నా కళ్ల ముందుంది. "వద్దు సార్. దక్షిణం కాలువలో దోనెల వెనకే వస్తాం."

ఆర్డరుకు ఎదురు చెప్పడం నా సర్వీసులో అదే మొదలు. కెప్టెన్ "చూస్తున్నది నువ్వు. కానియ్" అన్నారు.

ఐదుంపావుకు రోడ్డెక్కాం. అరగంట తర్వాత గట్టు తెగింది. ఊళ్లో ఒక్క మనిషి లేడు.

మేం తిరిగి వెళ్లిపోయిన రోజు మధ్యాహ్నం, ట్రక్కు ఎక్కుతూ ఏలూరులో మేం మకాం ఉన్న స్కూలు వరండాలోకి చూశాను. అక్కడే తలదాచుకున్న లంక జనం బంతిలో భోజనాలు చేస్తున్నారు. పెద్దాయన చేతికర్ర పట్టుకుని ఆసుపత్రి నుంచి వచ్చాడు. ఎవరూ కంగారుపడి లేవలేదు. సాంబారు బకెట్టుతో అటు తిరిగిన కోడలు, "చివర కూర్చోండి మావయ్యగారూ, వస్తన్నా" అంది. ఆయన వెళ్లి చివర కూర్చుని విస్తరాకు నీళ్లతో కడుక్కున్నాడు. వడ్డన ఇంకా సగం వరసలోనే ఉంది. తన వంతు వచ్చేదాకా, తనని పట్టించుకోకుండా తింటున్న ఊరిని చూస్తూ కూర్చున్న ఆ ముఖంలో ఉన్నంత సంతోషం నేను ఏ జనరల్ ముఖంలోనూ చూడలేదు.