సేఫ్టీ సభకు నవ్వించే మనిషిని పిలిచిన ఏడాది

1981 ఫిబ్రవరిలో నన్ను ఆ ఏటి భద్రతా వారోత్సవానికి కార్యదర్శిగా వేశారు. అప్పటికి జంషెడ్‌పూర్‌లో, బిర్సానగర్ దాటాక ఉన్న ఒక మోస్తరు ఇనుప కార్ఖానాలో సహాయ సేఫ్టీ ఆఫీసరుగా ఎనిమిదేళ్లు నిండాయి. ఆ కార్ఖానా ఇప్పుడు లేదు కాబట్టి పేరుతో పని లేదు. సేఫ్టీ ఆఫీసరు ఎవరికీ పై అధికారి కాడు. ఏ పనీ చేయించలేడు. ప్రమాదం కనిపిస్తే పని ఆపమని రాయగలడు, అంతవరకే. నేను స్వతహాగా పిరికివాణ్ణి. ఈ ఉద్యోగానికి అసలైన అర్హత అదేనని మా పెద్ద సేఫ్టీ ఆఫీసరు అనేవారు.

అంతకు ముందు ఏడాది సభలో నేను గంటసేపు ప్రమాదాల పట్టికలు చదివితే, మొదటి వరుసలో జనరల్ మేనేజరుగారే కునుకు తీశారు. ఈసారి ఆయన నా ఫైలు మీద ఒకే ముక్క రాసి పంపారు: నవ్వించే వక్తను పిలవండి. అది చదవగానే నా గుండెల్లో రాయి పడింది. నవ్వించేవాడి నోట ఏం వస్తుందో ముందుగా ఎవరికి తెలుసు? రెండేళ్ల క్రితమే మతకలహాలతో ఊరు కర్ఫ్యూ చూసింది. హాల్లో అన్ని మతాలవాళ్లూ పక్కపక్కనే కూర్చుంటారు. పైగా రెండు యూనియన్లు. ఎవరి గొంతు అనుకరించినా, ఎవరి నడక అనుకరించినా చివరికి పిలిచిన నా మెడకే చుట్టుకుంటుంది.

అలాంటి మనిషి నాకు తెలిసినవాడు ఒక్కడే. పేరు సింహాచలం, మా ఊరి రైల్వే స్టేషను టాటానగర్‌లో గూడ్సు గార్డు. మా నాన్నగారు పనిచేసిన రైల్వే కాలనీలోనే ఉండేవాడు. వినాయక చవితి పందిళ్లలో, జుగ్సలాయి వ్యాపారుల విందుల్లో హిందీలోనూ తెలుగులోనూ నవ్వించి పంపేవాడు. ఇంటికి వెళ్లి సంగతి చెప్పి, మాట్లాడబోయేదంతా ముందుగా రాసి ఇమ్మని అడిగాను.

"కాయితం మీద రాసిత్తే నవ్వు రాదు బాబూ. రెండ్రోజులు మీ కార్కానాలో తిరగనీండి. మీవోలు ఏటి మాటాడుకుంతారో ఇని, దాన్నే ఆలకి వడ్డిత్తాను," అన్నాడు.

వేరే దారి లేక గేటు పాసు రాయించి, తలకు హెల్మెట్ పెట్టించి లోపలికి పంపాను. ఎత్తకూడని విషయాల జాబితా కూడా చేతికిచ్చాను: మతం, యూనియన్లు, జనరల్ మేనేజరు, ఆయన కారు, ఆయన కుక్క. సింహాచలం దాన్ని శ్రద్ధగా చదువుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మేం షాపు అని పిలిచే పెద్ద పని షెడ్డులో, పైకప్పు కింద, ఎత్తున పట్టాల మీద నడిచే పెద్ద క్రేను ఉండేది. దానికి కరెంటు ఇచ్చే రాగి కడ్డీలు ఏ తొడుగూ లేకుండా ఒక పక్క పొడుగునా సాగుతాయి. క్రేను మీదికి ఫిట్టర్లు ఎక్కాలంటే ముందు షట్‌డౌన్ పర్మిట్ కావాలి. ఎలక్ట్రీషియన్ స్విచ్ గదికి వెళ్లి మెయిన్ స్విచ్ దించి, తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకోవాలి. ఫోర్‌మన్ స్వయంగా చూసి, దించిన టైము రాసి, సంతకం పెట్టాలి. ఆ కాగితం ఫిట్టరు చేతికి వచ్చాకే నిచ్చెన ఎక్కడం. వాటి నకళ్లు నెలనెలా నా బల్ల మీదికి వచ్చేవి. ఒక్క గడి కూడా ఖాళీ ఉండేది కాదు. నేను కింద టిక్కు పెట్టి, తృప్తిగా ఫైలు చేయించేవాణ్ణి.

సభ రోజు మధ్యాహ్నం షాపు పూర్తిగా ఆపారు. క్రేను చక్రాల మరమ్మతుకు అంతకంటే మంచి సమయం దొరకదని నలుగురు ఫిట్టర్లను ఆ పనికి ఉంచి, మిగిలిన వాళ్లందరినీ హాలుకు తెచ్చారు.

సింహాచలం మొదట రైలు ఎక్కించాడు. గార్డు ఈల, డ్రైవరు విసుగు, టిక్కెట్టు లేని పెద్దమనిషి దర్జా, అన్నీ ఒక్క గొంతులోంచే వచ్చాయి. జనరల్ మేనేజరుగారు కళ్లు తుడుచుకుని మరీ నవ్వుతున్నారు. ఇరవై నిమిషాలు గడిచేసరికి నాకూ ఊపిరి ఆడింది. అప్పుడు అతను ఒక ఫోర్‌మన్‌గా మారాడు. పొద్దున్నే ఇంట్లో టీ తాగుతూ, పర్మిట్ల పుస్తకం మొత్తానికీ వరసపెట్టి సంతకాలు గీకేస్తున్న ఫోర్‌మన్. హిందీలో చెప్పి, వెనక వరసల్లో ఉన్న శ్రీకాకుళం కాంట్రాక్టు మనుషుల కోసం మళ్లీ తెలుగులో అందుకున్నాడు. ముందు భార్య గొంతు: "పొద్దున్నే ఏటి సేత్తన్నారు?" తర్వాత ఫోర్‌మన్ గొంతు: "సంతకాలెట్టీసినానే. ఇంక సాయంత్రం దాకా కరెంటు నా మాటే ఇంతాది." మళ్లీ భార్య: "అలాగైతే మనింట్లో ప్లగ్గు మీద కూడా ఒకటెట్టండి. బుడ్డోడు ఏలెడతన్నాడు!"

హాలు పగిలిపోయేలా నవ్వారు. అయితే ఆ నవ్వు భార్య మాట కోసం ఆగలేదు. సంతకాల దగ్గరే మొదలైపోయింది. ఫోర్‌మన్ల వరస మాత్రం నవ్వలేదు. అందరూ తలలు దించుకుని బూట్లు చూసుకుంటున్నారు. నెలనెలా నేను టిక్కు పెట్టిన కాగితాలన్నీ ఒకే సిరా, ఒకే వాలు. ఇన్నేళ్లుగా దాన్ని నేను శుభ్రత అనుకున్నాను. ఆ క్షణాన క్రేను మీద నలుగురున్నారు.

క్రేను ఎలక్ట్రీషియన్ అప్పన్న రెండో వరసలో తొడ చరుచుకుని నవ్వుతున్నాడు. వంగి అతని చెవిలో, తాళంచెవి చూపించమన్నాను.

"ఏ సెవి సార్? నన్నెవులూ పిలవనేదే. ఇయేల పనుందేటి?"

తర్వాత తెలిసింది. మామూలు రోజుల్లో సంతకం పెట్టిన ఖాళీ కాగితం ఫిట్టర్లే పుస్తకంలోంచి చించుకునేవారు, కింద నుంచి అప్పన్నను ఒక కేక వేసేవారు, అప్పన్న వెళ్లి మెయిన్ దించేవాడు. పద్ధతి లేకపోయినా ఆ కేక ఒకటి ఉండేది. ఆ రోజు ముందు వరసల్లో చోటు కోసం అప్పన్న పెందలాడే హాలుకు వచ్చేశాడు, కేక వేసినా అందుకునేవాడు లేడు. అంటే అతన్ని అక్కడి నుంచి కదిలించింది నేను పిలిచిన హాస్యమే.

ఫోను చేస్తే ఎత్తేవాళ్లు షాపులో లేరు, అందరూ హాల్లోనే ఉన్నారు. అప్పన్న సైకిలు తీశాడు, నేను వెనక ఎక్కాను. షాపు గుమ్మంలో సైకిలు పడేశాం. అతను స్విచ్ గది వైపు పరిగెత్తాడు, నేను క్రేను కిందికి వెళ్లాను. పైన నలుగురూ ఉన్నారు. అవతలి పక్క చక్రాలు ముగించి, కడ్డీలున్న పక్కకు వస్తున్నారు. హెడ్ ఫిట్టరు గురువులు అప్పటికే ఒక కాలు ఇవతలికి వేశాడు. స్తంభం మీద కరెంటు ఉన్నట్టు చెప్పే ఎర్ర దీపం దుమ్ములోంచి వెలుగుతోంది.

నేను కేక వేయలేదు. వేస్తే ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడినవాడు దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాడు, అతనికి అందేంత దూరంలో ఉన్నది ఆ కడ్డీయే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దీపం వంక చూస్తూ నిలబడ్డాను. అంత భయం నేను ముందూ ఎరగను, తర్వాతా ఎరగను. గురువులు రెండో కాలు ఎత్తాడు. దీపం ఆరింది.

"ఏటి సార్, సబ అప్పుడే అయిపోనాదేటి?" అన్నాడు గురువులు పైనుంచి.

దిగమన్నాను. దిగాడు. కరెంటు ఎవరు తీశారని అడిగాను. అతను జేబులోంచి మడత కాగితం తీశాడు. ఫోర్‌మన్ సంతకం ఉంది. మెయిన్ దించిన టైము మాత్రం గురువులు దస్తూరీ.

"కాయితం ఉంది గదా సార్," అన్నాడు.

మర్నాడు రిపోర్టు రాశాను. నెలనెలా నేను పెట్టిన టిక్కుల సంగతి కూడా దాచలేదు, దాచాలని చాలాసేపు అనిపించినా. ఫోర్‌మన్‌ను సస్పెండ్ చేశారు. అతను చెడ్డవాడు కాడు. స్విచ్ గది షాపు అవతలి కొసన ఉండేది, ఉత్పత్తి ఆగితే తిట్లు తినేది అతనే. నాకు మెమో వచ్చింది, ప్రమోషన్ ఆగింది. ఆ తర్వాత ప్రతి ఫిట్టరూ తన తాళం తానే వేసుకుని ఎక్కాలనే నియమం పెట్టారు. హాస్య వక్తల మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

వారం పోయాక సింహాచలం ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను.

"అందులో నాను కల్పించింది ఒక్క ముక్కా నేదు బాబూ. కేంటీన్‌లో మీవోలే సెప్పుకుని నవ్వుకుంతన్నారు. మీకు తెలుసనుకున్నాను," అన్నాడు.

ఆ కేంటీన్‌లో నేను ఎనిమిదేళ్లు టీ తాగాను. నేను లోపలికి అడుగుపెట్టగానే బల్లల దగ్గర నవ్వు ఆగిపోయేది. దాన్ని మర్యాద అనుకున్నాను. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, నన్ను చూసి నవ్వు ఆపిన ఏ షాపు ఫైలు మీదా, నేను స్వయంగా వెళ్లి స్విచ్ చూడకుండా టిక్కు పెట్టలేదు.