ఎనభై అని రాసిన డబ్బా

మా వాళ్లలో నా మాట నమ్మేవాళ్లు తక్కువ. కొల్లేట్లో గూడబాతు మా బావ బనీను మింగేసి, మర్నాడు ఉతికినట్టు తెచ్చి చెరువు గట్టు మీద పెట్టిందని చెప్పి ఏలూరు బస్టాండులో జనాన్ని కూర్చోబెట్టినవాణ్ణి నేను. అందుకే నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు నా నోరు నాకే అడ్డం పడింది.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. అంతకు ముందు వానల్లో అక్క కూతురు మెదడు జ్వరంతో పోయింది. చిన్నపిల్ల, చర్చిలో పాడేది. పిల్లని సమాధికి తీసుకెళ్లే వేళకి అక్క గుమ్మంలోనే పడిపోయింది. ఇంజక్షను ఇచ్చి పడుకోబెట్టారు. లేచేసరికి మేం మట్టి వేసి వచ్చేశాం.

మా వాళ్లకి సమాధి కార్యక్రమం కూడా వీడియో తీయించే అలవాటుంది. బావా తీయించాడు గానీ, దాన్ని తెచ్చుకోడానికి ధైర్యం చాల్లేదు. అక్క అడుగుతూనే ఉండేది. "దాన్ని నేను సాగనంపలేదండీ. అదొక్కటీ చూడనివ్వండి."

ఇంతలో తాడేపల్లిగూడెం స్టూడియో ఆయన దుకాణం ఎత్తేస్తున్నానని ఫోను చేశాడు. టేపుల మీద ఎప్పుడో వేరే పెళ్లిళ్లు ఎక్కించేశాడు. మా ఇంట్లో ఉన్న సీడీలకి కొల్లేటి చెమ్మకి బూజు పట్టింది. ఇక పిల్ల వీడియోలన్నీ ఆయన కంప్యూటర్లోనే. మొత్తం డెబ్భై ఎనిమిది జీబీ అన్నాడు.

బావ ఏలూరులో ఎనభై జీబీ డ్రైవు పట్టుకున్నాడు. "ఇంకాస్త పెద్దది తీసుకోండి బావా," అన్నాను.

బావది చేపల వ్యాపారం. అక్కడ నూరు కిలోలంటే కొన్నవాడికి నూట అయిదు తూచాలి. తడికీ, ఐసుకీ తరుగు కింద ఆ అయిదూ అమ్మినవాడే వదులుకుంటాడు.

"ఎనభై అని అచ్చేశాడంటే లోపల ఎనభై నాలుగుంటుందిలేరా," అన్నాడు.

స్టూడియోలో డ్రైవు తగిలించగానే తెర మీద డెబ్భై నాలుగున్నర అని పడింది.

"తరుగు కొన్నవాడి దగ్గర కోస్తారేంటండీ?" అన్నాడు బావ.

"కోయలేదండీ. కంపెనీవాళ్లు వెయ్యేసి చొప్పున కట్ట కడతారు. కంప్యూటరు వెయ్యిన్నీ ఇరవై నాలుగేసి కడుతుంది. కిలో, మెగా, గిగా, మూడు మెట్లండి. మెట్టుమెట్టుకీ తేడా పెరుగుద్ది. సరుకు అదేనండీ, కొలిచే కుంచం పెద్దది."

కంప్యూటరు కొన్నాయన వ్యాను తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సీడీలు రాసే పెట్టె పొద్దున్నే అమ్ముడైపోయింది. ఏదో ఒకటి వదిలేయాలి. మూడు క్రిస్మస్‌లు, ఒక పుట్టినరోజు, సమాధి. సమాధిది నాలుగు జీబీ. అది వదిలేస్తే మిగతావన్నీ పడతాయి.

"అక్క అడిగింది అదొక్కటే బావా," అన్నాను. "ఓ క్రిస్మస్ తీసేద్దాం."

బావ తెర వైపే చూస్తున్నాడు. "పాడుతున్నదాన్ని ఇక్కడొదిలేసి, పెట్టెలో పడుకున్నదాన్ని పట్టుకెళ్లమంటావా?"

సమాధిది వదిలేసి మిగతావన్నీ ఎక్కించుకున్నాం. వ్యాను వెళ్లిపోయింది.

ఇంటికెళ్లాక అక్క మొదట అడిగింది సమాధి వీడియో గురించే. బావ కాళ్లు కడుక్కోడానికి నూతి దగ్గరికి పోయాడు. వెయ్యి సంగతీ, ఇరవై నాలుగు సంగతీ నేనే చెప్పాను. అక్క చివరిదాకా వింది.

"దీనికంటే గూడబాతు కథే నయంరా. అందులో బనీనైనా తిరిగొచ్చింది."

తర్వాత నూతి వైపు తిరిగింది. "ఏవండీ, చూపించడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా. దానికి వీడి చేత ఇంత లెక్క చెప్పించాలా?"

బావ ఆగకుండా నీళ్లు తోడుకుంటూనే ఉన్నాడు.

ఆ డ్రైవు అక్క ముట్టుకోలేదు. కొన్నాళ్లకి, బియ్యంలో రాళ్లేరుతూ, తలెత్తకుండా నన్నడిగింది.

"పెట్టె మూత వేసేటప్పుడు దాని జడకి రిబ్బనుందా?"

మూత వేసే వేళకి నేను మొహం తిప్పుకుని ఉన్నాను.

"ఉందక్కా. గులాబీ రంగుది."

"నేను కట్టింది తెల్లదిరా," అంది.

ఆ తర్వాత పిల్ల గురించి నన్నింకేమీ అడగలేదు.